గ్వాటెమాలా వంటలు మన ఇంట్లో చేయాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మెతుకు (హైదరాబాద్) ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కొంతకాలం గ్వాటెమాలా నగరంలో ఉండి ఈ మధ్యనే తిరిగి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్లూ మధ్యాహ్న భోజనం ఆఫీసు వెనక వీధిలో ఒక కుటుంబం నడిపే చిన్న భోజనశాలలోనే సాగింది. వారంలో ఒకరోజు తప్పకుండా పెపియాన్ వండేవారు. ఇటుక రంగుకూ కాఫీ రంగుకూ మధ్యగా ఉండే చిక్కని పులుసు, అందులో కోడిమాంసం, బంగాళాదుంప, మనం బెంగళూరు వంకాయ అని పిలుచుకునే గ్విస్కిల్ ముక్కలు, పక్కన కొంచెం అన్నం, గుడ్డలో చుట్టి తెచ్చే వేడివేడి మొక్కజొన్న రొట్టెలు, అదే టోర్టియాలు. నోట్లో పెట్టుకోగానే ముందు నువ్వుల కమ్మదనం, దాని వెంటనే కాలిన టమాటా వాసన, చివరికి ఎక్కడో దాల్చినచెక్క తెలిసేవి గాని, కారం మాత్రం నాలుకకు తగిలేదే కాదు. కారం కావలసినవారు బల్లమీద విడిగా పెట్టిన గిన్నెలోంచి వేసుకోవలసిందే.

ఆ వంటలను ఇప్పుడు మావాళ్లకు వండిపెట్టాలని ఉంది. ఇబ్బంది ఏమిటంటే, అక్కడ తిన్నానే గాని వంటగదిలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. అంతర్జాలంలో వెతికితే మెక్సికో వంటలకే గ్వాటెమాలా పేరు తగిలించినవి ఎక్కువగా కనిపిస్తున్నాయి. అక్కడివారు వాడే మిల్తోమాతే అనే చిన్న పుల్లని పచ్చ కాయలు, చిలే గ్వాకే, చిలే పాసా అనే ఎండుమిరపకాయలు ఇక్కడ దొరకవు. టోర్టియాలకు వాడే మొక్కజొన్న మాసా పిండి ఆన్‌లైన్‌లో దొరుకుతోంది గాని ధర చూస్తే చేయి వెనక్కు వస్తోంది. వీటి బదులు మన దగ్గర దొరికేవి ఏవి వాడవచ్చు, ఏవి వాడితే వంట తీరే మారిపోతుంది అన్నది తెలిసినవారు చెప్పగలరు. మా అమ్మ శాకాహారి కాబట్టి ఆవిడ తినగలిగేవి కూడా ఒకటి రెండు సూచిస్తే మరీ సంతోషం.

రోకలిబండ (లాస్ ఏంజెలెస్) సమాధానం:

మెతుకు గారూ, ఆలోచించకుండా పెపియాన్‌తోనే మొదలుపెట్టండి. మీరు చాలాసార్లు తిన్నారు కాబట్టి రుచి కుదిరిందో లేదో చెప్పడానికి మీ నాలుకే చాలు. మా పక్క వాటాలో ఉండే, గ్వాటెమాలాలోని చిమల్తెనాంగో నుంచి వచ్చిన ఆవిడ దగ్గర నేను ఈ వంటలు నేర్చుకున్నాను. ఆవిడ కొలతలు చెప్పే మనిషి కాదు గనక, కింద ఇచ్చిన కొలతలు నేను వేసుకున్నవి.

2007లో గ్వాటెమాలా సాంస్కృతిక మంత్రిత్వ శాఖ నాలుగు వంటకాలను దేశ అమూర్త సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అవి పెపియాన్, హొకోన్ అనే ఆకుపచ్చ పులుసు, కక్ ఇక్ అనే టర్కీ కోడి చారు, ప్లాతానోస్ ఎన్ మోలే అనే చాక్లెట్ పులుసులోని అరటిపళ్లు. వీటిలో మూడింటికి వేయించిన గుమ్మడిగింజలు, నువ్వులే ప్రాణం. కక్ ఇక్‌లో గింజలు పడవు గాని అక్కడ కూడా టమాటాలనూ మిరపకాయలనూ కాల్చి నూరే పద్ధతే. ఇలా నూరి చేసిన చిక్కని పులుసును రెకాదో అంటారు. టమాటా, మిరప, గుమ్మడి, మొక్కజొన్న ఆ నేలమీద పుట్టినవి. నువ్వులు, దాల్చినచెక్క, ఉల్లి, వెల్లుల్లి, కోడి మాత్రం 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు అడుగుపెట్టిన తరువాత వచ్చి చేరాయి. రెకాదో సరిగా పడితే మీకు అక్కడి వంట సగం వచ్చినట్టే.

ఆరుగురికి సరిపడా చేయాలంటే కిలో కోడిమాంసం, అరకిలో బాగా పండిన టమాటాలు, 150 గ్రాముల మిల్తోమాతే, ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, 75 గ్రాముల గుమ్మడిగింజలు, 50 గ్రాముల నువ్వులు, మూడు గ్వాకే మిరపకాయలు, రెండు పాసా మిరపకాయలు, అంగుళం దాల్చినచెక్క, నాలుగైదు మిరియాలు, రెండు టోర్టియాలు తీసుకోండి. కూరగాయలకు మూడు బంగాళాదుంపలు, ఒక బెంగళూరు వంకాయ, గుప్పెడు బీన్స్ చాలు. ముందుగా కోడిమాంసాన్ని సగం ఉల్లిపాయ, ఉప్పు, లీటరున్నర నీళ్లతో ఉడకబెట్టి, ముక్కలు మెత్తబడుతుండగా తీసి పక్కన పెట్టండి. ఆ నీళ్లు పారబోయకండి, పులుసుకు అవే ఆధారం.

ఇక అసలు పని పెనం దగ్గర. నూనె చుక్క వేయకుండా గుమ్మడిగింజలను సన్నని సెగమీద కదుపుతూ వేయించాలి. కాసేపటికి అవి ఉబ్బి, చిటపటమంటూ ఎగురుతాయి. అంచుల్లో ఆకుపచ్చ పోయి బంగారు రంగు తిరిగే సమయానికి దించెయ్యాలి. నల్లబడితే పులుసంతా చేదే. నువ్వులను వాటితో కలిపి వేయించకూడదు, ఎందుకంటే గింజలు ఉబ్బేలోపే నువ్వులు మాడతాయి. మిరపకాయలను చీల్చి గింజలు దులిపి, పెనం మీద గరిటెతో అదిమి పట్టుకుంటే కొన్ని క్షణాల్లోనే రంగు మారి వాసన లేస్తుంది. వెంటనే తిప్పి, తీసి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టాలి. ఆ తరువాత మంట పెంచి, టమాటాలు, మిల్తోమాతే, మిగిలిన ఉల్లి, పొట్టు తీయని వెల్లుల్లి తొక్క నల్లని మచ్చలు పడేదాకా కాల్చాలి. ఇక్కడ నలుపుకు భయపడనక్కరలేదు, ఆ రుచి అక్కడినుంచే వస్తుంది. టోర్టియాలను కూడా కరకరలాడేలా, అక్కడక్కడ మాడేలా కాల్చాలి. పులుసు చిక్కబడేది దానివల్లే. టోర్టియా లేకపోతే బాగా కాల్చిన బన్ను సరిపోతుంది, అక్కడి ఇళ్లలోనూ రొట్టె వేసేవారున్నారు.

అన్నీ కలిపి కోడి ఉడికిన నీళ్లతో మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టి, గిన్నెలో రెండు చెంచాల నూనె వేడిచేసి అందులో పొయ్యండి. సన్నని సెగమీద ఇరవై నిమిషాలైనా మరిగితే పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది. అప్పుడు దుంపలు, వంకాయ, బీన్స్, చివరికి కోడిముక్కలు వేసి, గరిటె వెనక భాగానికి పూతలా అంటుకునేంత చిక్కదనం వచ్చాక దించండి. మిరపకాయలనూ టోర్టియానూ ఇంకా ఎక్కువ కాల్చి, పులుసు దాదాపు నల్లగా వచ్చేలా చేసే పద్ధతీ ఉంది. అది చేయి తిరిగాక చూసుకోవచ్చు.

మనవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పోపు పెట్టకండి, అల్లం వేయకండి, పసుపు, ధనియాలపొడి, గరంమసాలా జోలికి పోకండి. అలవాటుకొద్దీ చేయి డబ్బామీదికి పోతుంది, నిగ్రహించుకోవాలి. ఏలకుల సంగతి ఇంకా వింత. ప్రపంచంలో ఏలకులను అత్యధికంగా ఎగుమతి చేసే దేశం గ్వాటెమాలాయే, అందులో పెద్ద భాగం ఆల్తా వెరాపాస్ కొండల్లో పండుతుంది. అయినా అది అరబ్బు దేశాల కాఫీకి పోయే పంట తప్ప వాళ్ల వంటింటి దినుసు కాదు. కాబట్టి ‘వాళ్ల ఏలకులే కదా’ అనుకుని పెపియాన్‌లో వేయకండి.

ఎండుమిర్చి (వరంగల్) సమాధానం:

మిరపకాయల గురించి మాత్రమే చెబుతాను, మిగిలినవి పై ఆవిడ చెప్పేశారు. గ్వాకే అంటే నున్నని తోలు, ముదురు ఎరుపు, తక్కువ కారం ఉన్న కాయ. మెక్సికో వాళ్లు గ్వాహీయో అనేది దాదాపు ఇదే. గుంటూరులో అమ్మే తేజ రకం ఇందుకు పనికిరాదు, రెండు కాయలతోనే కారం నషాళానికి అంటుతుంది, అదేమో కారంతో నడిచే పులుసు కాదు. మా వైపు పండే చపాటా మిర్చి దీనికి బాగా సరిపోతుంది. పొట్టిగా, లావుగా, నిగనిగలాడే ఎరుపుతో ఉండి రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది దొరకనిచోట కర్ణాటక బ్యాడగి మిర్చి వాడండి. ముడతలు ఎక్కువ కాబట్టి లోపలి గింజలు పూర్తిగా రాలేలా కాయను నిలువునా చీల్చి దులపాలి.

పాసా మిరపకాయ నల్లగా, కొంచెం తీపిగా, ఎండుద్రాక్ష వాసనతో ఉంటుందంటారు. మన దగ్గర దానికి సరిజోడు కాయ లేదు. బ్యాడగి కాయలు రెండింటిని మామూలుకంటే కొంచెం ఎక్కువగా కాల్చి, నాలుగు నల్ల ఎండుద్రాక్షలతో కలిపి నానబెట్టి నూరితే పని నడుస్తుంది. కశ్మీరీ మిర్చి పొడి వేస్తే సరిపోతుందా అని ఎవరైనా అడుగుతారేమో, సరిపోదు. కాయను కాల్చినప్పుడు వచ్చే వాసన పొడిలో రాదు.

మెతుకు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చపాటా మిర్చి సంగతి నాకు తట్టనే లేదు, ఈ వారమే తెప్పిస్తాను. మిల్తోమాతే బదులు ఏమి వేయాలో, అమ్మకు ఏమి వండాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. గ్వాటెమాలాలో నల్ల చిక్కుడుగింజల ముద్ద ప్రతి పూటా కనిపించేది, అది శాకాహారమే అనుకోవచ్చా?

అరటిగెల (రాజమహేంద్రవరం) సమాధానం:

బాబూ, ఇంట్లో మీరే వండుకుంటే శాకాహారమే, బయట మాత్రం అడగకుండా నమ్మకూడదు. ఆ గింజల ముద్దను చాలాచోట్ల పందికొవ్వుతో వేపుతారు, ఆకులో చుట్టి ఆవిరిమీద ఉడికించే తమాల్ పిండిలోనూ అదే కలుపుతారు. ఇంట్లో మామూలు నూనె వాడితే సరిపోతుంది. నల్ల చిక్కుడుగింజలు దొరకకపోతే రాజ్మాతో చేయండి. ముందురోజు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉల్లి, వెల్లుల్లితో కుక్కరులో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి, అరకొరగా ఉడికిన రాజ్మా కడుపును ఇబ్బంది పెడుతుంది. మెత్తగా రుబ్బి, ఉల్లిపాయ వేపిన నూనెలో వేసి, బాణలికి అంటుకోకుండా ముద్దగా దొర్లేదాకా కదుపుతూ ఉండాలి. పెనాన్ని ఊపితే ముద్ద మొత్తం ఒక్కటిగా తిరగబడాలి, అదే గుర్తు.

అమ్మగారికి పెట్టదగ్గది అసలు ఆ నాలుగు వంటకాల్లోనే ఉంది. ప్లాతానోస్ ఎన్ మోలే పూర్తిగా శాకాహారం, అది తీపి వంటకం. దీనికి కేరళ నేంద్రం అరటిపళ్లు శ్రేష్ఠం, తొక్కమీద నల్లమచ్చలు బాగా పడినవి ఎంచుకోండి. చక్కెరకేళి, అమృతపాణి లాంటి పళ్లు వేగేటప్పుడే ముద్దయిపోతాయి. పళ్లను ఏటవాలుగా అరంగుళం మందాన కోసి నూనెలో రెండువైపులా ఎర్రగా వేపి పక్కన పెట్టండి. నాలుగు పళ్లకు 40 గ్రాముల నువ్వులు, 40 గ్రాముల గుమ్మడిగింజలు, అంగుళం దాల్చినచెక్క, ఒక పాసా మిరపకాయ నూనె వేయని పెనంమీద వేయించి, కాల్చిన రెండు టమాటాలతోనూ ఒక చిన్న కాల్చిన రొట్టె ముక్కతోనూ కలిపి మెత్తగా రుబ్బాలి. ఆ ముద్దను నీళ్లతో పలచన చేసి మరిగిస్తూ 80 గ్రాముల ముదురు చాక్లెట్, రుచికి తగిన పంచదార కలపాలి. అక్కడ వాడే చాక్లెట్ పంచదార, దాల్చినచెక్క కలిపి బిళ్లలుగా చేసినది, నోటికి గరుకుగా తగులుతుంది. మనకు పాలు కలవని ముదురు చాక్లెట్ ఏదైనా సరే. పులుసు నిగనిగలాడుతూ చిక్కబడ్డాక అరటిముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచి, పైన వేయించిన నువ్వులు చల్లితే అయిపోయినట్టే. మిరపకాయ పడిన చాక్లెట్ పులుసు అంటే మొదట మొహం చిట్లించేవారు ఉంటారు. రెండో ముక్క వాళ్లే అడుగుతారు.

మిగిలిన గింజల ముద్ద, పండిన నేంద్రం ఉన్నప్పుడు రెయ్యెనీతోస్ చేసుకోవచ్చు. పండును తొక్కతోనే ఉడికించి, తొక్క తీసి చిదిమి, అరచేతిలో పలచగా పరిచి, మధ్యలో పంచదార, దాల్చినచెక్క పొడి కలిపిన గింజల ముద్ద పెట్టి, కోడిగుడ్డు ఆకారంలో మూసి నూనెలో వేపుతారు. ఉడికిన పండును పూర్తిగా చల్లారనిచ్చి చిదమండి, వేడిమీద చేస్తే చేతికి అంటుకుని ఆకారం నిలవదు. పండు మరీ మెత్తబడితే ఒక చెంచా మైదా కలపవచ్చు. పైన పంచదార చల్లి వేడిగా పెట్టండి.

మిల్తోమాతే బదులు పూర్తిగా పచ్చిగా ఉన్న టమాటాలు కాల్చి వేసి, చివర్లో అర చెక్క నిమ్మరసం పిండితే ఆ పులుపు దగ్గరికి వస్తుంది. చింతపండు వద్దు, రంగూ మారుతుంది, రుచీ మారుతుంది.

రుబ్బురోలు (బెంగళూరు) సమాధానం:

మాసా గురించి ఎవరూ చెప్పలేదు గనక నేను రాస్తున్నాను. మార్కెట్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో టోర్టియా రాదు, ఎందుకంటే అందులో సాగే గుణం లేదు. అక్కడివారు ఎండు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి, తడిగా ఉండగానే రుబ్బుతారు. సున్నంవల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది, మొక్కజొన్నలో బిగుసుకుని ఉండే నియాసిన్ విటమిన్ శరీరానికి అందుతుంది. ఈ పద్ధతి తెలుసుకోకుండా మొక్కజొన్ననే ప్రధాన ఆహారంగా చేసుకున్న యూరప్ ప్రాంతాలు నియాసిన్ లోపంవల్ల వచ్చే పెల్లాగ్రా వ్యాధితో బాధపడ్డాయి.

ఇంట్లో చేయాలంటే కిలో ఎండు మొక్కజొన్నకు 10 గ్రాముల సున్నం, మూడు లీటర్ల నీళ్లు సరిపోతాయి. తాంబూలానికి వాడే, రంగూ సువాసనా కలపని తెల్ల సున్నమే తీసుకోవాలి, గోడలకు వేసే సున్నం ముట్టకూడదు. గిన్నె స్టీలుది కావాలి, అల్యూమినియం పాత్రను సున్నం తినేస్తుంది. ముప్పావుగంట సన్నగా ఉడికించాక ఒక గింజను వేళ్లమధ్య నలిపితే పొట్టు జారాలి. మరునాడు నాలుగైదు నీళ్లు కడిగి, వీలైనంత తక్కువ తడితో గ్రైండరులో రుబ్బండి. మిక్సీ అయితే కొంచెం కొంచెంగా వేయాలి, లేకపోతే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. గ్వాటెమాలా టోర్టియా మెక్సికో దానికంటే చిన్నదిగా, మందంగా ఉంటుంది, రెండు అరచేతుల మధ్య తట్టి చేస్తారు. జొన్నరొట్టె చేయడం అలవాటున్న చేతికి అది పెద్ద విద్య కాదు.

తమాల్ అక్కడ శనివారపు వంట. ఆ సాయంత్రం తమాల్ అమ్మే ఇంటిముందు ఎర్రదీపం వెలిగిస్తారు. క్రిస్మస్ ముందురాత్రి అయితే ప్రతి ఇంటా ఉండవలసిందే. మాషాన్ అనే వెడల్పాటి ఆకులో చుట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. మనకు ఆ ఆకు లేకపోయినా అరటాకు ఉంది, అక్కడివారూ అరటాకు వాడతారు. ఆకును మంటమీద ఒకసారి చూపిస్తే రంగు ముదిరి, మడిచినా చిరగదు.

కానీ మెతుకు గారూ, మొదటిసారే మాసా తమాల్ పెట్టుకోకండి. కేత్సాల్తెనాంగో ప్రాంతంలో పాచేస్ అనే బంగాళాదుంప తమాల్ చేస్తారు, అది గురువారాల వంట. కిలో దుంపలను ఉడికించి మెత్తగా చిదిమి, నానబెట్టి పిండిన రొట్టె ముక్కలు రెండు మూడు, అర కప్పు నూనె, ఉప్పు, టమాటా–గ్వాకే మిరపకాయల రెకాదో ఒక కప్పు కలిపితే పిండి సిద్ధం. గుప్పెడు ముద్దను ఆకులో పెట్టి, మధ్యలో మాంసపు ముక్క, పైన ఎర్ర క్యాప్సికం చీలిక ఉంచి, నాలుగువైపులా మడిచి, అరటినారతో కట్టి, ముప్పావుగంట ఆవిరికి పెట్టాలి. మడత పైకి ఉండేలా పేర్చండి, అప్పుడు పులుసు కారిపోదు. మీ అమ్మగారికి మాంసం మానేసి పచ్చిబఠానీ, క్యారెట్ పెడితే ఆవిడ పొట్లాలు వేరుగా కట్టవచ్చు. మాసా ఖర్చే లేదు.

రేవుగాలి (కాకినాడ) సమాధానం:

అందరూ కొండప్రాంతపు వంటల గురించే మాట్లాడుతున్నారు. సముద్రపు ఒడ్డున ఉండేవారెవరైనా ఈ పేజీ చదువుతుంటే, వారికి పెపియాన్‌కంటే తాపాదో తేలిక అని నా అభిప్రాయం. గ్వాటెమాలాకు కరీబియన్ తీరంలో లివింగ్‌స్టన్ అనే ఊరు ఉంది, పడవలోనే చేరుకోవాలి. అక్కడి గరీఫునా ప్రజలు ఆఫ్రికా, కరీబియన్ మూలవాసుల సంతతి. 1797లో బ్రిటిష్ వారు వీరి పూర్వీకులను సెయింట్ విన్సెంట్ దీవినుంచి వెళ్లగొట్టి, హొండురాస్ తీరానికి దగ్గర్లోని రోవాతాన్ దీవిలో దింపారు. అక్కడినుంచి తీరమంతా వ్యాపించారు. తాపాదో వారి వంట. కొబ్బరిపాలు, పీత, రొయ్యలు, చేప, అరటికాయ, ఇవన్నీ మన రేవులో పొద్దున్నే దొరికేవే కదా!

రెండు కొబ్బరికాయల పాలు తీసి చిక్కటివి, పలచనివి వేరుగా ఉంచండి. నూనెలో ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం, టమాటా మగ్గించి, జాఫ్రా గింజలు నానబెట్టిన నీళ్లు రంగుకోసం రెండు చెంచాలు వేయండి. పలచని పాలు పోసి, ముందు పచ్చి అరటికాయ ముక్కలు, పీతలు వేసి పదిహేను నిమిషాలు ఉడకనివ్వాలి. తరువాత పండు అరటి ముక్కలు, విడిగా వేపిన చేప, చిక్కటి పాలు వేసి, పాలు విరగకుండా సన్నని సెగమీదే ఉంచాలి. రొయ్యలు చివరి నాలుగు నిమిషాలకు మాత్రమే వేయండి, అంతకు మించితే రబ్బరులా అవుతాయి. పైన కొత్తిమీర చల్లుకుని అన్నంతో తినడమే. ఇందులో కరివేపాకు వేయాలని చేయి లాగుతుంది, వేస్తే అది మన కోనసీమ కూర అవుతుంది తప్ప తాపాదో కాదు.

రోకలిబండ:

రేవుగాలి గారి మాట కాకినాడవారికి నిజమే గాని హైదరాబాదులో మంచి పీత వెతుక్కునే శ్రమకు అంతకంటే ముందే పెపియాన్ అయిపోతుంది. పైగా మెతుకు గారు వెతుకుతున్న రుచి గ్వాటెమాలా నగరపు భోజనశాలది, కొబ్బరిపాల తీరానిది కాదు. రుబ్బురోలు గారి పాచేస్ సలహా మాత్రం నాకు చాలా నచ్చింది.

కక్ ఇక్ సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకు కారణం ఉంది. కోబాన్ ప్రాంతపు కెక్‌చీ ప్రజలు టర్కీ కోడితో చేసే ఎర్రని చారు అది, పొగపెట్టి ఎండబెట్టిన కోబాన్ మిరపకాయ, సమాత్ అనే పొడవాటి ఆకుల కొత్తిమీర లేకపోతే దానికి అందం రాదు. సమాత్ అమెరికాలో ఆసియా దుకాణాల్లో దొరుకుతుంది గాని ఆ పొగ వాసన పట్టిన మిరపకాయకు ప్రత్యామ్నాయం నేను చూడలేదు. ఎవరైనా తెచ్చిపెట్టేదాకా దాన్ని వాయిదా వేయండి. అలాగే నవంబరు 1న సకల పునీతుల పండుగకు చేసే ఫియాంబ్రే జోలికి ఇప్పుడే పోకండి. ఊరబెట్టిన కూరగాయలు, చల్లని మాంసాలు, జున్ను కలిపి ముప్పై, నలభై దినుసులు దాటే వంటకం అది. ఇంటిల్లిపాదీ కలిసి రెండు మూడు రోజులు పనిచేస్తే తప్ప తెమలదు.

పెపియాన్ కుదిరాక రెండో వంటకంగా హొకోన్ చేయండి, అందులో ఎండుమిరపకాయల బాధే లేదు. 200 గ్రాముల పచ్చి టమాటాలు, ఒక పెద్ద కట్ట కొత్తిమీర, గుప్పెడు ఉల్లికాడలు, ఒక ఆకుపచ్చ క్యాప్సికం, ఒకే ఒక పచ్చిమిర్చి, వేయించిన గుమ్మడిగింజలు 60 గ్రాములు, నువ్వులు 40 గ్రాములు, నానబెట్టిన టోర్టియా ఒకటి కోడి ఉడికిన నీళ్లతో కలిపి రుబ్బి మరిగించడమే. టమాటాలనూ ఉల్లికాడలనూ క్యాప్సికంనూ పది నిమిషాలు ఉడికించి రుబ్బండి గాని కొత్తిమీరను పచ్చిగానే వేయండి. రుబ్బిన పులుసు మూత లేకుండా పది, పన్నెండు నిమిషాలకు మించి మరగకూడదు, మించితే ఆకుపచ్చ పోయి బురద రంగు వస్తుంది. మీ అమ్మగారి కోసం కోడినీళ్ల బదులు కూరగాయలు ఉడికిన నీళ్లతో ఇదే పులుసు కొంత వేరుగా చేసి, అందులో బంగాళాదుంప, బెంగళూరు వంకాయ, కాలీఫ్లవర్ వేస్తే ఇద్దరికీ ఒకే రోజు ఒకే వంట అయిపోతుంది.

మెతుకు:

అయితే ఆదివారం పెపియాన్, దానితోపాటు అమ్మకు నేంద్రం పళ్లతో మోలే. గుమ్మడిగింజలు, నువ్వులు రెండింటికీ ఒకేసారి వేయించుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. పెపియాన్ రెకాదోను శనివారమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

రోకలిబండ:

నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. రుబ్బి, వడకట్టి, నూనెలో ఇరవై నిమిషాలు మరిగించేదాకా శనివారమే చేసి, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచండి, పచ్చిముద్దగా మాత్రం ఉంచకండి. మరునాటికి నువ్వులు, టోర్టియా నీళ్లు పీల్చి పులుసు గట్టిపడుతుంది. అప్పుడు కోడి ఉడికిన నీళ్లు వేడిగా ఒక కప్పు కలిపి పలచన చేసి, ఉప్పు మళ్లీ చూసుకుని, ఆ తరువాతే దుంపలు వేయండి.